మొదటి పేజీ రాజకీయాలు – మన కూలి, మన సంతకం, మన ప్రాణం

(పల్నాడు జిల్లా నాదెండ్లలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ప్రస్తుత రాజకీయాలు – స్త్రీలు" అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. రాజకీయాలనగానే మన ఊళ్లలో ఆడవాళ్లు "అవి మగాళ్ల గొడవలు, మనకెందుకమ్మా" అంటారు. ఆ మాటలో అమాయకత్వం ఏమీ లేదు. చాలా చూసి, చాలా పోగొట్టుకుని అన్నమాట అది. అయితే ఆ గొడవల్లో తీసుకునే నిర్ణయాలు మన పొయ్యి దాకా వస్తున్నాయి. అందుకని ఈ పూట మీతో వార్తల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. నేను పార్టీ మనిషిని కాదు. నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాల్లో స్త్రీల సంఘంలో పనిచేస్తున్నదాన్ని. పొద్దున్నే పేపరు చదవడం నా అలవాటు. చదివేటప్పుడు నాకు వచ్చే సందేహాలే మీ ముందు పెడతాను.

మన నాదెండ్ల పేరు పత్రికల్లో తరచుగానే కనపడుతుంది. కాకపోతే ఊరి పేరుగా కాదు, ఇంటిపేరుగా. 1984 ఆగస్టులో ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని దించి నాదెండ్ల భాస్కరరావు నెల రోజులు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు దేశమంతా ఆ పేరు పలికింది. ఊరి పేరు రాజకీయాల్లో మగవాళ్ల ఇంటిపేరుగా నిలబడింది. అదే ఊళ్లో పత్తి తీసే మనిషి, మిరపకాయ కోసే మనిషి పేరు ఎప్పుడు పేపర్లోకి ఎక్కుతుంది? ట్రాక్టరు బోల్తా పడినప్పుడు ఎక్కుతుంది. అదీ జిల్లా పేజీలో.

నింద ఎవరి మీద?

పల్నాడులో రాజకీయ కథ అంటే అందరికీ గుర్తొచ్చేది పల్నాటి యుద్ధం. పన్నెండో శతాబ్దం నాటి కథ. గురజాలలో నలగామరాజు, మాచర్లలో అతని దాయాదులు. రాజ్యం పంపకం దగ్గర వచ్చిన తగాదా. కోడిపందెం, వనవాసం, చివరికి కారంపూడిలో యుద్ధం. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకు అక్కడ వీరుల ఉత్సవాలు చేస్తున్నారు. ఈ కథలో రెండు వైపులా మంత్రులున్నారు. ఒక వైపు బ్రహ్మనాయుడు, ఇంకో వైపు నాయకురాలు నాగమ్మ. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక ఆడమనిషి మంత్రిగా కూర్చుని రాజ్యం నడిపిందని చెప్పుకునే గడ్డ ఇది. గర్వంగా చెప్పుకోవలసిన మాట. కానీ మన ఊళ్లలో ఎట్లా చెప్పుకున్నారు? "నాగమ్మ వల్లే కొంప మునిగింది" అని. నోరున్న ఆడపిల్లను "నాగమ్మలా తయారైంది" అని తిట్టడానికి ఆ పేరు పనికొచ్చింది.

బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ ఒక పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెబుతారు. అది మంచి పనే, కాదనను. నేను అడిగేదొక్కటే. రాజ్యం కోసం తగాదా పడింది అన్నదమ్ములు. కత్తులు పట్టింది మగవాళ్లు. పందెంలో కోళ్లను దింపింది రెండు పక్షాలూ. మగ మంత్రి ఎత్తు వేస్తే రాజనీతి అయింది. ఆడ మంత్రి ఎత్తు వేస్తే కుట్ర అయింది. ఈ లెక్క ఎవరు రాశారు?

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. 2021 నవంబరులో శాసనసభలో జరిగిన రభస మీకు గుర్తుండే ఉంటుంది. తన భార్యను నిండు సభలో అవమానించారని అప్పటి ప్రతిపక్ష నాయకుడు విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత 2024లో అధికారం మారింది. తిట్ల తీరు మారిందా? ఫోన్లలో తిరిగే బొమ్మలు, మాటలు చూడండి. ఏ పార్టీవాడైనా ఎదుటి పార్టీవాడిని కొట్టాలంటే ముందు అతని ఇంట్లో ఆడవాళ్లను పట్టుకుంటాడు. ఈ విషయంలో అన్ని పార్టీల మధ్యా ఐకమత్యం ఉంది! వీళ్లలో ఎవరి మీద గౌరవంతోనైనా మనం ఓటు వేయవచ్చు, అది మన ఇష్టం. ఈ తిట్లకు మాత్రం నవ్వకూడదు. మన అన్నదమ్ములు నవ్వుతుంటే ఊరుకోకూడదు.

పోలింగు రోజు

2024 మే 13న మన జిల్లాలో ఎన్నికలు జరిగాయి. మాచర్ల, నరసరావుపేట, గురజాల పేర్లు అప్పుడు దేశమంతా వినపడ్డాయి. రాళ్లు, కర్రలు, నాటు బాంబులు. ఆ తర్వాత 3 రోజులకే ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసింది. మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు పోలింగు కేంద్రంలో సాక్షాత్తూ శాసనసభ్యుడే ఓటింగు యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం టీవీల్లో ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు.

ఆ వార్తను మనం ఎట్లా చదివాం? ఏ పార్టీ ఏ పార్టీని కొట్టింది, ఏ కులం ఏ కులాన్ని కొట్టింది, ఎంతమందిని అరెస్టు చేశారు అని చదివాం. అదే పాల్వాయి గేటు దగ్గర, బయటికి వస్తున్న ఆ శాసనసభ్యుడికి ఎదురు నిలిచి ఇదేం పని అని ఒక మహిళ నిలదీసిందని కూడా అప్పటి వార్తల్లో వచ్చింది. ఆమెను బూతులు తిట్టాడనీ వచ్చింది. చుట్టూ మనుషులున్నారు, అధికారులున్నారు. నోరు తెరిచిన వాళ్లలో ఒక ఆడమనిషి ఉంది. నా ఓటు నువ్వు పగలగొట్టడానికి ఎవరు అని అడగడం కన్నా పెద్ద రాజకీయం ఏముంటుంది? ఆ మాటను మాత్రం ఒక పార్టీ తన ప్రచారానికి వాడుకుంది, రెండోది అబద్ధమంది. ఆమె అడిగిన ప్రశ్న మధ్యలో మిగిలిపోయింది.

మన రాష్ట్రంలో ఆ ఎన్నికల నాటికి ఓటర్లు 4 కోట్ల 14 లక్షల మంది. అందులో మగవాళ్ల కన్నా ఆడవాళ్లమే ఎక్కువ. పల్నాడు జిల్లాలో 7 శాసనసభ స్థానాలున్నాయి. పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల. 2024లో ఈ ఏడింటిలో ఒక్కచోట కూడా మహిళ గెలవలేదు. ఏడుగురూ మగవాళ్లే. 2019లో మన చిలకలూరిపేట నుంచి ఒక మహిళ గెలిచింది, 2022లో మంత్రి కూడా అయింది. అది ఆనవాయితీగా మారలేదు.

మూడు ప్రశ్నలు

ఇన్ని చెప్పి, మరి వార్తను ఎట్లా చదవాలి అని మీరడుగుతారు. నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఈ వార్త వల్ల మన కూలి పెరుగుతుందా, తరుగుతుందా? ఈ కాగితం మీద సంతకం ఎవరిది? మన ప్రాణానికి, మన ఒంటికి భద్రత ఉందా? చదువు రానివాళ్లు కూడా ఈ మూడూ అడగవచ్చు. నాయకుల పేర్లు గుర్తుపెట్టుకోనక్కరలేదు.

మొదటి ప్రశ్న కూలి గురించి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం. పేపర్లలో, టీవీల్లో వారం రోజులు చర్చ జరిగింది. దేని మీద? ఎక్కువగా పేరు మీద. గాంధీ పేరు తీసేశారని ఒకరు, కొత్త పేరులో "రామ్" అన్న మాట వస్తోందని ఇంకొకరు. పేరు చిన్న విషయం అని నేననను. కానీ పలుగూ పారా పట్టుకునేవాళ్లకు అంతకన్నా ముఖ్యమైనవి లోపల ఉన్నాయి.

కొత్త చట్టం 100 రోజుల పనిని 125 రోజులు చేస్తామంది. వినడానికి బాగుంది. దాంతోపాటు ఇంకో రెండు మాటలు రాసింది. పాత చట్టంలో కూలీల కూలి డబ్బు మొత్తం కేంద్రమే ఇచ్చేది. కొత్త దాంట్లో మనలాంటి రాష్ట్రాలు నూటికి 40 రూపాయలు పెట్టుకోవాలి. రాష్ట్రం దగ్గర డబ్బు లేకపోతే 125 రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? రెండో మాట, విత్తే కాలంలో, కోతల కాలంలో అన్నీ కలిపి ఏడాదికి 60 రోజుల దాకా ఈ పనులు ఆపాలి. ఆ రోజులు ఏవో ముందుగా ప్రకటించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు.

ఈ 60 రోజుల సంగతి మనకు బాగా తెలియాలి. ఉపాధి పని ఉన్నప్పుడు మేస్త్రీ వచ్చి కోతకు పిలిస్తే, "ఇంత ఇస్తేనే వస్తాం" అని మనం అనగలిగాం. అక్కడ పని ఉందన్న ధైర్యం ఉండేది. ఆడ మగ తేడా లేకుండా ఒకే కూలి రేటు అన్నది కాగితం మీదైనా మొదటిసారి మన ఊళ్లలో కనపడింది ఆ పనుల్లోనే. పొలం పనిలో మగ కూలి ఒక రేటు, ఆడ కూలి ఒక రేటు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి కదా! జనవరి నుంచి మిరప కోతలు ముమ్మరంగా ఉండే రోజుల్లోనే ఆ పని బంద్ అయితే బేరం ఆడే బలం పోతుంది. రైతుకు కూలీలు దొరకాలి కాబట్టి ఇది అవసరం అంటారు. రైతు కష్టం నాకు తెలుసు. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి గుంటూరు యార్డులో టిక్కీలు పేరుకుపోయినప్పుడు, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అదీ పండిన పంటలో నాలుగో వంతుకు మించకుండా. కౌలు రైతుకు గిట్టుబాటు కావడం లేదు, నిజమే. ఆ నష్టాన్ని ఆడ కూలీ నోటికాడి ముద్దతో పూడ్చడం ఏం న్యాయం? ధర ఇవ్వవలసింది ప్రభుత్వం, వ్యాపారి. కోసేవాళ్ల దగ్గర కోత పెట్టడం అన్యాయం.

ఇంకో వార్త. మన మండలంలో గణపవరం స్పిన్నింగు మిల్లుల సంగతి మీకు చెప్పనవసరం లేదు. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచుకునేట్టు, ఆడవాళ్లను రాత్రి షిఫ్టుల్లో పెట్టుకునేట్టు చట్టం సవరించాలని నిర్ణయించింది. 2025 నవంబరు 21 నుంచి కేంద్ర ప్రభుత్వం కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. అందులోనూ ఆడవాళ్ల సమ్మతితో రాత్రి పని అని ఉంది. వార్త ఏమని వచ్చింది? స్త్రీలకు కొత్త అవకాశం అని. రాత్రి పూట పని చేయకూడదని ఆడవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టడం మన సంఘం ఎప్పుడూ కోరలేదు. నర్సమ్మలు, ఆశా అక్కలు ఎప్పటి నుంచో రాత్రుళ్లు పనిచేస్తూనే ఉన్నారు. నా సందేహమంతా "సమ్మతి" అన్న మాట దగ్గర ఉంది. పనిలో చేరే రోజే పది కాగితాల మధ్య ఒక కాగితం పెట్టి వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి అవుతుందా? "రానయ్యా" అంటే మర్నాడు పని ఉంటుందా? అర్ధరాత్రి దిగిన పిల్లను ఇంటి దాకా ఎవరు దింపుతారు? ఆమె పదో గంట పని చేసి వచ్చాక ఇంట్లో వంట ఎవరు చేసి పెడతారు? ఈ ప్రశ్నలు అడిగిన పేపరు నాకు కనపడలేదు.

అమెరికా వార్త మన చేలోకి

మన జిల్లాల పేపర్లలో అమెరికా వార్త లేని రోజు ఉండదు. పిల్లలు అక్కడున్నారు కాబట్టి వీసాల గురించే ఎక్కువ రాస్తారు. 2025 సెప్టెంబరులో హెచ్–1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు ఎన్ని ఇళ్లలో నిద్రపట్టలేదో! ఆ బాధ నిజమైనదే. పిల్లల్ని పంపడానికి పొలాలమ్మిన వాళ్లున్నారు. అయితే పిల్లలెవరూ అమెరికాలో లేని కూలి ఇంటికి కూడా అమెరికా రాజకీయాలు వస్తాయని చెప్పాలి.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. బట్టల ఎగుమతికి దెబ్బ తగిలింది. మిల్లులకు దూది చవగ్గా దొరకాలని మన కేంద్ర ప్రభుత్వం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. ఆ నెలలేమిటి? మన చేలల్లో పత్తి తీతలు జరిగే నెలలు. బయటి పత్తి సుంకం లేకుండా వచ్చినప్పుడు ఇక్కడి వ్యాపారి మన పత్తిని బేరం ఆడకుండా కొంటాడా? రైతు ధర తగ్గిందంటాడు. తీత కూలి కిలోకు ఇంతకన్నా ఇవ్వలేనంటాడు. వాషింగ్టన్‌లో ఒక మగాడు పెట్టిన సంతకం అట్లా మన కాటా దాకా వస్తుంది. ఇది తెలిసిన ఆడ కూలీని "నీకు రాజకీయాలెందుకు" అని ఎవరూ అనలేరు.

అమెరికా నుంచి ఇంకో వార్త కూడా వచ్చింది. 2022 జూన్‌లో. మన దగ్గర అంతగా పట్టించుకోలేదు. 1973 నుంచి అక్కడి స్త్రీలకు గర్భస్రావం మీద రాజ్యాంగపరంగా ఉన్న హక్కును వాళ్ల సుప్రీంకోర్టే తీసేసింది. 49 ఏళ్లు ఉన్న హక్కు. అమ్మమ్మకు ఉన్న హక్కు మనవరాలికి లేకుండా పోయింది. మన దేశంలో 1971 నుంచే చట్టం ఉంది, 2021లో దాన్ని కొంత విస్తరించారు, 2022 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలకూ అదే హక్కు ఉంటుందని చెప్పింది. మనం ముందున్నామని సంతోషించవచ్చు. కాని వాళ్ల అనుభవం నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. వచ్చిన హక్కు దానంతటది నిలవదు. కాపలా కాయకపోతే అది పోతుంది.

సంతకం ఎవరిది?

రెండో ప్రశ్న సంతకం. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతు అన్నారు. తర్వాత మన రాష్ట్రంలో సగం చేశారు. సగం మంది సర్పంచులు మన ఆడవాళ్లే అయ్యారు. మరి మండలాఫీసుకు వెళ్లి చూడండి. సర్పంచి గారు వచ్చారంటే వచ్చింది ఎవరు? ఆయన. భర్త, లేదంటే మామ, లేదంటే కొడుకు. ఆమె ఇంట్లో ఉంటుంది, కాగితాలు ఇంటికి వెళ్తాయి. ఆమె దళిత స్త్రీ అయితే సంగతి మరీ ఘోరం. పెద్ద కులం నాయకుడు నిలబెట్టి గెలిపించి, కుర్చీ మాత్రం తనే వాడుకుంటాడు. ఆమె జెండా వందనం రోజున కూడా నిలబడే ఉండాలి. ఈ జబ్బు మీద 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీ వేసింది. 2025లో బయటికొచ్చిన దాని నివేదిక ఆడ సర్పంచి పేరుతో పెత్తనం చేసే మగవాళ్లకు శిక్షలుండాలని చెప్పింది. శిక్షలు ఎప్పుడు పడతాయో గానీ, గ్రామసభలో మనం పదిమందిమి లేచి "సర్పంచమ్మ మాట్లాడాలి, ఆమెతోనే మాట్లాడతాం" అంటే ఆయన కూర్చోక తప్పదు. దానికి కొత్త చట్టం అక్కరలేదు.

శాసనసభ, పార్లమెంటు సంగతి చూద్దాం. మహిళా రిజర్వేషన్ బిల్లు మొదటిసారి పార్లమెంటుకు వచ్చింది 1996లో. ఎన్నిసార్లు చింపారో, ఎన్నిసార్లు పక్కన పెట్టారో. 2010లో రాజ్యసభ దాటి ఆగిపోయింది. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. రాజ్యసభలో కాదన్నవాళ్లు లేరు. మన ఊళ్లలో కూడా స్వీట్లు పంచారు. కానీ ఆ చట్టంలోనే జనాభా లెక్కలు జరిగి, నియోజకవర్గాలు తిరిగి విడగొట్టాకే అమలు అని రాసి పెట్టారు. అందుకే 2024 ఎన్నికల్లో అది పనికి రాలేదు. ఆ ఎన్నికల్లో 543 మంది లోక్‌సభ సభ్యుల్లో స్త్రీలు 74 మంది. విందు అయిపోయాక పెడతామన్న విస్తరి లాంటిది ఈ చట్టం.

సంతకం సభల్లోనే కాదు, పొలంలోనూ ఉంది. 2025 పత్తి సీజనులో మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయల వరకు ప్రకటించారు. ఆ ధరకు పత్తి సంస్థకు అమ్మాలంటే ఫోనులో "కపాస్ కిసాన్" అనే యాప్‌లో పొలం వివరాలతో పేరు నమోదు చేసుకోవాలన్నారు. పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది? ఫోను ఎవరి చేతిలో ఉంది? కౌలు రైతులకు కార్డులివ్వడానికి 2019లో రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి. అతను పెట్టడు. కౌలు రైతు అప్పులపాలై పురుగుల మందు తాగితే, మిగిలిన భార్య తన భర్త రైతేనని ఆఫీసుల చుట్టూ తిరిగి రుజువు చేసుకోవాలి. బతికున్నప్పుడు ఆమెనూ రైతు అనలేదు, చచ్చాక అతన్నీ రైతు అనరు. నేను ఇటువంటి చెల్లెళ్లతో ఎన్నో ఆఫీసుల మెట్లెక్కాను. పేపర్లో "రైతు ఆత్మహత్య" అని నాలుగు లైన్లు వస్తాయి. ఆ తర్వాత అప్పు తీర్చేది ఎవరో, పిల్లల్ని బడికి పంపేది ఎవరో ఆ నాలుగు లైన్లలో ఉండదు.

ప్రాణం ఖరీదు

మూడో ప్రశ్న భద్రత. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప కోతకు వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి 9 మంది ఆడకూలీలు చనిపోయారు. 2023 మే నెలలో మన జిల్లా పొందుగుల దగ్గర, నల్గొండ జిల్లా నుంచి మిరప పనికి వస్తున్న కూలీల ఆటోను లారీ గుద్దింది. ఐదుగురు ఆడవాళ్లు అక్కడికక్కడే పోయారు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలంలో మిరప కోతల నుంచి తిరిగొస్తున్న ట్రాక్టరు బోల్తా పడి నలుగురు పోయారు. ప్రతిసారీ అదే వార్త. అదే సంతాపం. డ్రైవరు నిర్లక్ష్యం అని కేసు. మిరప కోతలు ప్రతి ఏడూ వస్తాయని, కూలీలు ప్రతి ఏడూ పొద్దు పొడవకముందే బయల్దేరతారని ప్రభుత్వానికి తెలియదా?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం పెట్టారు. మంచి పథకం. "పనీ పాటా లేక తిరుగుతున్నారు" అని వేళాకోళం చేసేవాళ్ల మాట పట్టించుకోకండి. ఆసుపత్రికీ, పుట్టింటికీ, కాలేజీకీ మొగుణ్ణి డబ్బులడగకుండా వెళ్లడం చిన్న సంగతేం కాదు. అయితే తెల్లవారుజామున చేల వైపు వెళ్లే బస్సు ఏది? టిక్కెట్టు లేదు సరే, బస్సే లేకపోతే? అందుకని అదే అక్క, పట్టణానికి ఉచిత బస్సులోనూ పొలానికి ట్రాక్టరు తొట్టిలోనూ వెళ్తోంది. కోతల మూడు నెలలు కూలీలకు బస్సు వేయించడం, ఒక్కో బండిలో ఇంతమందే ఎక్కాలని మేస్త్రీలతో, రైతులతో ఒప్పందం చేయించడం ప్రభుత్వానికి చేతకాని పనేం కాదు. మనం అడగాలి.

వార్తను మనమే పుట్టించిన రోజులు

ఇదంతా విని నిరుత్సాహపడకండి. ఆడవాళ్లు వార్తను తయారు చేసిన కాలం కూడా మన రాష్ట్రంలోనే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న స్త్రీలు సారా కొట్టును మూయించారు. అక్కడి నుంచి ఊరూరా పాకింది. సారా పాటలు ఆపారు, ప్యాకెట్లు తగలబెట్టారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతా సారా నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఏ పార్టీ దగ్గరికీ వెళ్లి బతిమాలలేదు, పార్టీలే ఆ ఆడవాళ్ల దగ్గరికి వచ్చాయి.

తర్వాత ఏమైంది? 1997లో ఖజానాకు డబ్బు లేదని నిషేధం ఎత్తేశారు. 2019లో ఒక పార్టీ దశలవారీగా మద్య నిషేధమని ఓట్లడిగి ప్రభుత్వ దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో ఇంకో ప్రభుత్వం 3,396 ప్రైవేటు దుకాణాలకు లాటరీ తీసింది, 99 రూపాయలకే క్వార్టరు అంది. లాటరీ వార్త పండగలా వచ్చింది. దుకాణం ఎవరికి తగిలింది, ఖజానాకు ఎంత వచ్చింది అని పేజీలకు పేజీలు. ఆ డబ్బు ఎవరి ఇంట్లోంచి వెళ్లిందో, ఆ రాత్రి ఎవరి వీపు మీద దెబ్బ పడిందో రాయలేదు. దూబగుంట స్త్రీలు ఓడిపోయారని నేననుకోను. వాళ్లు గెలిచారు. గెలిచాక ఆ గెలుపును పార్టీల చేతుల్లో పెట్టి అందరం ఇళ్లకు వెళ్లాం. అదే ఈనాటికీ మనకు పాఠం.

ఇప్పుడు ఏం చేద్దాం?

మూడు పనులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, వారానికి ఒక రోజు, ఒక గంట పేపరు చదువుకుందాం. చదువొచ్చిన పిల్ల చదవాలి, మిగతావాళ్లు వినాలి. గుడి అరుగు మీద వద్దు, కొందరు అక్కడికి రాలేరు. మాలపల్లె, మాదిగపల్లె, సుగాలీల ఇళ్లు, ముస్లింల వీధి, అన్నిచోట్ల వాళ్లూ రాగలిగిన చోటు చూసుకోండి. ప్రతి వార్తకూ ఆ మూడు ప్రశ్నలు వేయండి. జవాబు తెలియనివి రాసిపెట్టండి. సంఘం తరఫున మేం కనుక్కుని వస్తాం.

రెండోది, కొత్త ఉపాధి చట్టం కింద పనులు ఆపే 60 రోజులు ఏవి అన్న సంగతి మీద మన మాట వినాలని మండలాఫీసుకు అర్జీ పెడదాం. కోతల కాలం మొత్తాన్నీ అందులో కలపవద్దని, కలిపితే ఆడ, మగ కూలి సమానంగా, ముందే నిర్ణయించి ఇవ్వాలని అడుగుదాం. కోతల రోజుల్లో బస్సు కావాలన్న మాట అదే అర్జీలో ఉండాలి. అర్జీ మీద మగవాళ్లు సంతకం చేస్తే మంచిదే. ముందు మాత్రం మన సంతకాలుండాలి.

మూడోది, మన ఊళ్లలో ఏం జరిగినా, ట్రాక్టరు బోల్తా పడినా, మిల్లులో పిల్లను రాత్రి షిఫ్టుకు బలవంతపెట్టినా, కూలి ఎగ్గొట్టినా, మనమే రాద్దాం. విలేకరి రాసేదాకా ఆగవద్దు. తేదీ, చోటు, ఎంతమంది, ఎంత కూలి, ఎవరు ఏమన్నారు అన్నంతవరకు చాలు. పెద్ద భాష అక్కరలేదు. బాధపడిన మనిషి ఇష్టం లేకుండా ఆమె పేరు మాత్రం రాయకండి. ఆ కాగితాలు మన పత్రికకు పంపండి, అచ్చువేస్తాం. అర్జీకి జత చేస్తాం.

అర్జీ కాగితం ఇక్కడే బల్ల మీద ఉంది. సభ అయ్యాక మీ ఊరి పేరు, మీరు చేసే పని రాసి సంతకం పెట్టండి. "పని" అన్న చోట "గృహిణి" అని రాయకండి. పత్తి తీస్తే పత్తి తీస్తాను అని, మిల్లులో చేస్తే మిల్లు కార్మికురాలిని అని, కౌలు చేస్తే రైతుని అని రాయండి.  ఇక మీరు మాట్లాడండి.